మూసీ కాలువ కింద పాలకూర: ఒక గుంత బొగ్గు, పన్నెండు కుండీలు

నవంబరు 9

పెద్దమ్మ పొలం హైదరాబాద్ దాటాక మూసీ దిగువన, కాలువ కింద పన్నెండు గుంటలు. సగంలో పశువులకు పారా గడ్డి, మిగతా సగంలో పాలకూర, తోటకూర, కొత్తిమీర, పుదీన. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కోసి, కట్టలు కట్టి, ఆటోలో మార్కెట్‌కు పంపుతుంది. చిన్నప్పుడు సెలవులకు వచ్చి నేను తిన్న పాలకూర పప్పంతా ఈ మళ్లలోదే.

ఇప్పుడు నా కూతురికి నాలుగేళ్లు. పోయిన నెల పెద్దమ్మ ఎప్పటిలాగే సంచి నిండా కూర పెట్టి పంపింది. ఇంటికొచ్చాక ఆ సంచి ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాను. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నగరం దాటేసరికి వాన నీళ్ల కంటే నగరం వదిలిన నీళ్లే ఎక్కువ మోస్తుంది. ఆ నీళ్లలో నత్రజని ఉంటుంది కాబట్టి యూరియా కొనకుండానే కూర గుబురుగా వస్తుంది. ఏడాది పొడవునా నీటికి కరువు లేదు. రైతు ఈ నేలను ఎందుకు వదలడో అర్థమవుతుంది. కానీ అదే నీళ్లలో కాడ్మియం, సీసం, క్రోమియం, నికెల్ కూడా వస్తాయి. అప్పట్లో పటాన్‌చెరులో ఆఫీసున్న అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ వాళ్లు రెండు వేల దశకంలోనే ఈ మురుగు నీటి సాగు మీద పనిచేశారు. అంటే ఈ సంగతి కొత్తదేమీ కాదు. మన ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు, అంతే.

నన్ను ఎక్కువ భయపెట్టేది కాడ్మియం. అది మూలకం కాబట్టి కుళ్లదు, విరగదు. ఒంట్లోకి చేరితే మూత్రపిండాల్లో పది నుంచి ముప్పై ఏళ్లకు గానీ సగం కూడా తగ్గదు. జపాన్‌లో జింజు నది నీళ్లతో వరి పండించుకుని తిన్న వాళ్లకు ఎముకలు విరిగిపోయే జబ్బు వచ్చింది. దానికి కారణం గని నుంచి వచ్చిన కాడ్మియమేనని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. మన దగ్గర అంత ఉందని నేను అనడం లేదు. అయితే ఆకుకూరలు, అందులోనూ పాలకూర, కాడ్మియాన్ని బాగా లాగుతాయి. బీర, బెండ లాంటి కాయల్లోకి అది వెళ్లేది తక్కువ.

బయోచార్ గురించి కొంతకాలంగా చదువుతున్నాను. గాలి సరిగా అందకుండా కట్టెను కాల్చితే మిగిలే బొగ్గును నేలలో కలిపితే, దాని సన్నటి రంధ్రాల గోడలకు లోహం అంటుకుంటుంది. కొంత లోహం బూడిదలోని కార్బొనేట్లు, ఫాస్ఫేట్లతో కలిసి కరగని రూపంలోకి మారుతుంది. లోహం ఎక్కడికీ పోదు, నేలలోనే ఉంటుంది. వేరుకు అందే వాటా మాత్రం తగ్గుతుంది. మా నేలలో అది ఎంత తగ్గుతుందో చూడాలనుకున్నాను.

పెద్దమ్మతో చెప్పాను. "నలభై ఏండ్ల సంది గీ కూరే అమ్ముతున్న బిడ్డా. ఎవ్వరూ ఏమనలే. ఇప్పుడు నువ్వొచ్చి బొగ్గు పోస్తె బాగైతదా?" అంది. కోపంగా అనలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఏమో పెద్దమ్మా, చేసి చూద్దాం అన్నాను. పొలం మూలన గుంత తవ్వుకోమంది.

నవంబరు 16

సర్కారు తుమ్మ కొమ్మలు చెరువు గట్టు మీద కావలసినన్ని ఉన్నాయి. తమ్ముడు (పెద్దమ్మ కొడుకు) ముందే కొట్టి ఎండబెట్టాడు. పత్తి కట్టె అయితే ఇంకా తేలిక. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) పత్తి కట్టెను బొగ్గు చేయడానికి డ్రమ్ముతో చిన్న బట్టీ కూడా తయారుచేసింది. కానీ పత్తి ఏరడం ఇంకా అవలేదు, కట్టె దొరకాలంటే సంక్రాంతి దాటాలి.

గుంత పైన నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు, అడుగున సన్నగా గరాటు ఆకారం. దీనికి మూత అవసరం లేదు. అడుగున చిన్న మంట వేసి, కట్టె మీద తెల్లటి బూడిద పూత కనిపించగానే పైన మరో పొర వేయాలి. పైపొర మండుతూ గాలినంతా తినేస్తుంది, కింది పొర బూడిద కాకుండా బొగ్గుగా నిలిచిపోతుంది. కింది నుంచి లేచే పొగ కూడా పై మంటలోనే కాలిపోతుంది. రెండో పొరకే పొగ ఆగిపోవడం చూసి పెద్దమ్మ ఆశ్చర్యపోయింది.

అంతా బాగా సాగుతుండగా నేను నీళ్ల డ్రమ్ము దగ్గరకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి మంటలో ఆకుపచ్చ రంగు వేసిన కిటికీ చెక్క ఒకటి సగం కాలి ఉంది. పాత ఇల్లు విప్పినప్పటి చెక్క. "కట్టె తక్కువ పడుతదని ఏసిన అక్కా" అన్నాడు తమ్ముడు. తప్పు వాడిది కాదు, ముందే చెప్పాల్సింది నేను. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఆ చెక్క దానికి ఎన్నో ఏళ్ల ముందుది. సీసం తగ్గించడానికి చేసే బొగ్గులో మనమే సీసం కలపకూడదు. ఒకసారి నేలలో కలిపిన బొగ్గును మళ్లీ ఏరి తీయడం ఎవరి తరం కాదు, వందల ఏళ్లు అక్కడే ఉంటుంది.

ఆ రోజు బొగ్గంతా మూడు గోనె సంచుల్లో నింపి, వాటి మీద 'పొలంలో వేయొద్దు' అని రాసి కొట్టం వెనక పెట్టాం. ఒక ఆదివారం పోయింది.

నవంబరు 23

మళ్లీ గుంత. ఈసారి ప్రతి కొమ్మనూ చేత్తో చూసి వేశాం. ఎండిన కట్టె కాంటా మీద 104 కిలోలు తూగింది. పొద్దున ఎనిమిదింటికి అంటిస్తే పదకొండున్నరకు గుంత నిండింది. ఆర్పడానికి బోరు నీళ్లు డ్రమ్ములతో మోశాం. కాలువ పక్కనే ఉన్నా ఆ నీళ్లు వాడలేదు. వేడి బొగ్గు మీద మురుగు నీళ్లు పోస్తే అందులోని లోహాన్ని ముందే తాగేస్తుంది, ఇక నేలలో పట్టుకోవడానికి చోటెక్కడిది?

నీళ్లు పోస్తుంటే గుంతంతా సన్నగా చిటపటలాడింది. ఆవిరి పోయాక ఒక ముక్క తీసి రాయి మీద పడేస్తే పెంకు మోగినట్టు గల్లుమంది. చేతికి రుద్దుకుంటే నల్లగా అంటింది గానీ సబ్బు లేకుండా నీళ్లతోనే పోయింది. జిడ్డుగా అంటి వదలకపోతే లోపల తారు మిగిలిందని, సరిగ్గా కాలలేదని అర్థం. మాది బాగానే కాలింది. ఆరబెట్టి తూచితే 22 కిలోలు.

పొడి చేయడం వేరే పని. ఆరిన బొగ్గును దంచితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే కొంచెం తడిగా ఉండగానే గోనె సంచిలో వేసి రోకలితో దంచాం. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా సాయంత్రం దాకా గొంతులో మసి వాసన పోలేదు.

నవంబరు 30

పీహెచ్ చూశాను, అంటే మట్టి పులుపు వైపు ఉందా, క్షారం వైపు ఉందా అని చెప్పే అంకె; 7 అయితే మధ్యస్థం. మట్టిది 7.9, బొగ్గుది 9.4. ఈ రెండు అంకెలు చూశాక ఉత్సాహం కొంచెం తగ్గింది. బయోచార్ వల్ల కాడ్మియం బాగా తగ్గిందని చదివిన వాటిలో చాలా వరకు దక్షిణ చైనాలాంటి పుల్ల నేలల్లో చేసినవి. అక్కడ బొగ్గులోని బూడిద సున్నంలా పనిచేసి పీహెచ్ పెంచుతుంది, పీహెచ్ పెరిగితే కాడ్మియం కరగడం తగ్గిపోతుంది. మా మట్టి ముందే చవుడు వైపు ఉంది. సున్నం పని ఇక్కడ పెద్దగా జరగదు. రంధ్రాల గోడలు పట్టుకున్నంతే లాభం.

అయినా మొదలుపెట్టాను. కాలువ పక్క మడిలో పది చోట్ల జానెడు లోతు నుంచి మట్టి తీసి, నీడలో ఆరబెట్టి, జల్లించి, కలిపి, కుండీకి 8 కిలోల చొప్పున పన్నెండు కుండీలు నింపాను. మట్టి తీయడానికి, కలపడానికి ప్లాస్టిక్ తట్టలే వాడాను, జీఐ తట్టలకు జింకు పూత ఉంటుంది కాబట్టి. మూడు కుండీలు ఉత్త మట్టి. మూడింటిలో ఒక శాతం బొగ్గు, అంటే 80 గ్రాములు. మూడింటిలో రెండు శాతం, 160 గ్రాములు. చివరి మూడింటిలో రెండు శాతం బొగ్గును బాగా చివికిన పెంట ఎరువుతో వారం ముందే కలిపి నానబెట్టి వేశాను. అన్నిట్లో పాలకూర గింజలు, ఒకే పాకెట్‌లోవి. నీళ్లు కాలువవే, ఒకే మగ్గుతో కొలిచి. శుభ్రమైన నీళ్లు పోస్తే పొలంలో జరిగేది తెలియదు కదా.

డిసెంబరు 14

గింజలు అన్నిట్లో ఐదారు రోజులకే మొలిచాయి. తేడా ఇవాళ కనిపించింది. రెండు శాతం బొగ్గు మాత్రమే వేసిన కుండీల్లో ఆకులు లేత పసుపుగా, చిన్నగా ఉన్నాయి. ఎరువుతో నానబెట్టిన బొగ్గు వేసిన కుండీల్లో మొక్క అన్నిటికన్నా పచ్చగా ఉంది.

కొత్త బొగ్గు ఖాళీ సంచి లాంటిది. నేలలో పడగానే ముందు దొరికిన పోషకాలను తనలోకి తీసుకుంటుంది, నత్రజనితో సహా. అందుకే ముందే ఎరువుతో నింపి వేయాలంటారు. చదివినప్పుడు ఇది చిన్న సలహా అనిపించింది. కుండీల ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ పసుపు ఆకు వెనక్కి తిప్పి చూస్తుంటే, రైతుకు ఇదే అన్నిటికంటే పెద్ద విషయమని తెలిసింది. లోహం కంటికి కనిపించదు. పసుపు ఆకు కనిపిస్తుంది, దానికి మార్కెట్లో ధర రాదు. పెద్దమ్మ ఆ మూడు కుండీలు చూసి, "గివి నా మడిల ఏస్తవా?" అని మాత్రం అడిగింది. వేయను అన్నాను.

జనవరి 4

మొదటి కోత. 35 రోజులు. కుండీల వారీగా తూచాం. ఎరువు కలిపిన బొగ్గు కుండీలది ఎక్కువ బరువు, ఉత్త బొగ్గు రెండు శాతానిది తక్కువ. ఒక శాతానికీ ఉత్త మట్టికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

బొగ్గు లేని కుండీల ఆకును రెండు భాగాలు చేశాను. సగం అలాగే, సగం మూడుసార్లు బోరు నీళ్లలో, చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి. మిగతా కుండీలవన్నీ కడిగినవే. సీసం వేరు నుంచి ఆకుకు ఎక్కేది తక్కువ. ఆకు మీద ఉండే సీసంలో ఎక్కువ భాగం మట్టి చిందిపడటం వల్లా, రోడ్డు దుమ్ము వల్లా వస్తుంది. ఆకుకూర నేలకు అంత దగ్గరగా పెరుగుతుంది మరి.

ఆరబెట్టిన ఆకును మిక్సీలో వేయలేదు. స్టీలు బ్లేడు నుంచి క్రోమియం, నికెల్ కలుస్తాయని ల్యాబ్‌లో పనిచేసే స్నేహితురాలు ముందే హెచ్చరించింది. పింగాణీ కల్వంలో చేత్తో నూరాను. పదిహేను పొట్లాలు కట్టి, వాటి మీద ఏది ఏ కుండీదో రాయకుండా నంబర్లు మాత్రం వేశాను. ఆ నంబర్ల కాగితం ఇంట్లో దాచాను. ల్యాబ్ వాళ్లకు ఏది దేనిదో తెలియకపోవడమే మంచిది.

జనవరి 18

రిపోర్టు వచ్చింది. కాగితం తెరిచి మొదటి అంకె చూడగానే గుండె ఆగినంత పనైంది. పాలకూరలో కాడ్మియానికి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు కిలోకు 0.2 మిల్లీగ్రాములు. రిపోర్టులో అంతకన్నా చాలా ఎక్కువ. పది నిమిషాల తర్వాత గానీ కింద చిన్న అక్షరాల్లో 'పొడి బరువు ఆధారంగా' అని ఉన్నది చూడలేదు. హద్దు పచ్చి ఆకుకు. పాలకూరలో నూటికి తొంభై పాళ్లు నీళ్లే కాబట్టి పొడి అంకెను సుమారు పదితో భాగించాలి. భాగించాక ఊపిరి పీల్చుకున్నాను. రిపోర్టు ఎవరి చేతికి వచ్చినా ముందు ఆ మాట కోసం వెతకండి.

అసలు అంకెలు ఇక్కడ పెట్టడం లేదు. పన్నెండు కుండీలు చూసి మూసీ కింద వేల మంది పండించే కూర మీద తీర్పు చెప్పడం తప్పు. తేడాలు మాత్రం రాస్తాను. బొగ్గు లేని కుండీల ఆకులో కాడ్మియం 100 అనుకుంటే, ఒక శాతం బొగ్గులో 93, రెండు శాతంలో 81, ఎరువుతో కలిపిన రెండు శాతంలో 66. ఒక శాతం బొగ్గు కుండీలు చూపిన తేడాను నేను తేడాగా లెక్కపెట్టను. ఆ మూడు కుండీల్లో ఒకటి ఉత్త మట్టి కుండీ కంటే ఎక్కువే చూపించింది.

66 చూసి సంతోషపడ్డాను. తర్వాత బరువుల కాగితం పక్కన పెట్టుకుని మళ్లీ లెక్క వేశాను. ఎరువు కుండీల్లో మొక్క పెద్దది. అంతే కాడ్మియం ఎక్కువ ఆకులో పరుచుకున్నా కిలోకు వచ్చే అంకె తగ్గుతుంది. అది బొగ్గు గొప్పతనం కాదు. ఆ తగ్గుదలలో కొంత ఇలా పలచబడటమే. పైగా ఉత్త ఎరువు మాత్రమే వేసిన కుండీలు నేను పెట్టనే లేదు. ఎరువు వాటా ఎంతో, బొగ్గు వాటా ఎంతో విడదీయలేను. రెండో విడతలో ఈ లోటు తీర్చాలి.

మట్టి పరీక్ష ఈ విషయంలో కొంత సాయపడింది. డీటీపీఏ అనే, లోహాలను పట్టి లాగే రసాయనం కలిపిన ద్రావణంలో మట్టిని రెండు గంటలు కుదిపితే మొక్కకు అందే లోహం ఎంతో అంచనా దొరుకుతుంది. లిండ్సే, నార్వెల్ అనే శాస్త్రవేత్తలు 1978లో ఇచ్చిన ఈ పద్ధతినే ఇప్పటికీ మన భూసార పరీక్షా కేంద్రాలు జింకు చూడటానికి వాడతాయి. మొత్తం కాడ్మియం అన్ని కుండీల్లో దాదాపు సమానం, అలాగే ఉండాలి కూడా. డీటీపీఏకు కరిగిన వాటా మాత్రం రెండు శాతం బొగ్గు కుండీలన్నిట్లో తగ్గింది, ఎరువు ఉన్నా లేకపోయినా. అంటే బొగ్గు కొంత పట్టుకుంటోంది. చవుడు నేలలో ఇంత చేసినా నాకు చాలనిపించింది.

సీసం సంగతి వేరు. కడగని ఆకుకూ కడిగిన ఆకుకూ ఉన్న తేడా, బొగ్గు వల్ల వచ్చిన ఏ తేడా కన్నా పెద్దది. నాలుగు బకెట్ల బోరు నీళ్లు చేసిన పని 22 కిలోల బొగ్గు చేయలేదు. పెద్దమ్మ కట్టలను కాలువ నీళ్లలో ముంచి మార్కెట్‌కు పంపుతుంది, అందరూ అలాగే చేస్తారు. ఆ రాత్రే ఫోన్ చేసి, రేపటి నుంచి బోరు నీళ్లలో కడగమని చెప్పాను. ఇంటి దగ్గర మన వాళ్లు కూడా పాలకూరను ఒకసారి నీళ్లలో ముంచి తీయడం కాదు, ఆకు విప్పి మూడుసార్లు కడగాలి.

ఫిబ్రవరి 1

ఇవాళ పెద్దమ్మతో కూర్చుని లెక్కలు వేశాం. అరడుగు లోతు మట్టికి రెండు శాతం అంటే చదరపు మీటరుకు దాదాపు 4 కిలోల బొగ్గు. గుంటకు దాదాపు 400 కిలోలు. కూర వేసే ఆరు గుంటలకు 2,400 కిలోలు, దానికి 11 టన్నుల ఎండు కట్టె. మా గుంతలో ఒక విడతకు వచ్చేది 22 కిలోలు. పెద్దమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "నూరుసార్లకు పైనే కాల్చాలె" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పాలకూర వేళ్లు ఎక్కువగా పైమట్టిలోనే ఉంటాయి కాబట్టి నాలుగు వేళ్ల లోతులో కలిపితే సగం చాలు. అయినా చిన్న పని కాదు. దానికి తోడు కాలువ నీళ్లు ప్రతి తడికీ కొత్త లోహాన్ని తెస్తూనే ఉంటాయి. పైన నగరంలో ఆ నీళ్లు బాగుపడకుండా కింద రైతు ఎంత బొగ్గు మోస్తే ఏం లాభం అని పెద్దమ్మ అడగలేదు. నాకే అనిపించింది.

వరి సాగు చేసేవాళ్లు ఒకరిద్దరు ఈ బొగ్గు మా పొలంలో కూడా వేస్తామని వచ్చారు. తొందరపడొద్దని చెప్పాను. నీళ్లు నిలిచిన మడిలో లెక్క మారిపోతుంది. కాడ్మియం అక్కడ తనంతట తానే కొంత కరగని రూపంలోకి వెళుతుంది, ఆర్సెనిక్ ఉంటే అది కరిగి పైకొస్తుంది. ఆర్సెనిక్ ఉన్న నేలలో బయోచార్ దాన్ని ఇంకా కదిలించవచ్చు. మా పాలకూర కుండీలు వరికి జవాబు చెప్పవు.

నేను ఇంత సేపూ దాటవేస్తున్న ప్రశ్న పెద్దమ్మే అడిగింది. "నీ బిడ్డకు ఈ కూర పెడతవా, పెట్టవా? గది చెప్పు."

కాలువ పక్క మళ్లలోది ఇప్పుడు పెట్టను అన్నాను. చెప్పడానికి గొంతు పెగల్లేదు. ఆమె మొహం చూడలేకపోయాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి, కొడవలి అందుకుని, కాలువ గట్టు వెంబడి రెండు గుంటల్లో ఉన్న తోటకూరను కోయకుండా అలాగే దున్నించమని తమ్ముడికి చెప్పింది. అక్కడ బంతి నాటుతుందట. పక్క రెండు గుంటల్లో బెండ, బీర. బోరు దగ్గరి రెండు గుంటల్లోనే ఆకుకూర, బోరు నీళ్లతోనే. బోరు నీళ్లు కూడా పరీక్షకు ఇవ్వాలని చెప్పాను, సీసా నింపుకుని తెచ్చుకున్నాను.

"గా రెండు గుంటలకైతే బొగ్గు చాల్తదా?" అని అడిగింది. నాలుగు వేళ్ల లోతుకు గుంటకు 200 కిలోలు, మొత్తం 400. పత్తి కట్టె ఇప్పుడు ఊళ్లో చాలా ఉంది. ఎలాగూ తగలబెడతారు, అడిగితే ఇస్తారు. గుంత పక్కన ఇంకో రెండు గుంతలు తవ్వితే ఒక్కో ఆదివారం అరవై డెబ్బై కిలోలు చేయొచ్చు.

ఫిబ్రవరి 8

మూడు గుంతలు అంటించాం. పత్తి కట్టె తుమ్మ కంటే త్వరగా కాలుతుంది. పొరలు వెంటవెంటనే వేయాలి, ఒక్క నిమిషం ఆలస్యమైనా బూడిదవుతుంది. ముగ్గురం ఒక్కో గుంత దగ్గర నిలబడ్డాం. తమ్ముడు ప్రతి మోపూ విప్పి చూసి, అందులోని ప్లాస్టిక్ తాళ్లు తీసేసి మరీ వేశాడు. బొగ్గు 58 కిలోలు. పెంట ఎరువులో కలిపి, తడిపి, పైన గోనె పట్టాలు కప్పాం.

రెండో విడత కుండీలు కూడా ఇవాళే నింపాను. ఈసారి పదిహేను. కొత్త మూడింటిలో ఎరువు మాత్రమే, బొగ్గు లేదు. పాత కుండీల్లో పాలకూర రెండో కోతకు వచ్చింది. పసుపుగా ఉన్న మూడింటిలో కొత్త ఆకు పచ్చగానే ఉంది. కోసి, తూచి, కడిగి ఆరబెట్టాను. పొట్లాల మీద నంబర్లు పెద్దమ్మ చేత వేయించాను, ఏది దేనిదో ఈసారి నాకు కూడా తెలియకుండా.